నాణెంలో తేడా ఉంది: టంకశాల తప్పా, ఉప్పునీళ్ళ దెబ్బా తేల్చుకోవడం ఎలా?

"ఐదు రూపాయల బిళ్ళ ఎర్రగా ఉంది, రాగిదా?" "రూపాయి మీద సంవత్సరం లేదు, ఎర్రర్ కాయినేనా?" "పది రూపాయల బిళ్ళలో సింహాలు తలకిందులుగా ఉన్నాయి, ఎంతిస్తారు?" బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. చాలాసార్లు జవాబు కూడా ఒకటే. అది టంకశాల తప్పు కాదు, బయటికొచ్చాక తిన్న దెబ్బ.

మన వైపు ఆ దెబ్బలకు కొదవ లేదు. గంజాం తీరమంతా ఉప్పుగాలి. హుమ్మా దగ్గర ఉప్పు మడులు. ఋషికుల్య, వంశధార, నాగావళి దాటేటప్పుడు దండం పెట్టి నీళ్ళలోకి విసిరే చిల్లర సరేసరి. దాన్ని తాడుకు కట్టిన అయస్కాంతంతో పైకి లాగేవాళ్ళున్నారు. అలా తేలిన రూపాయి మళ్ళీ కిరాణా కొట్టుకు, అక్కడి నుంచి మీ జేబులోకి వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. టంకశాలలో నాణెం మూడు చోట్ల చెడుతుంది. ఖాళీ బిళ్ళ కోసేటప్పుడు, బొమ్మ చెక్కిన అచ్చులో, ఆ అచ్చుతో ముద్ర కొట్టేటప్పుడు. మీ చేతిలో ఉన్న తేడా ఈ మూడింటిలో ఎక్కడ పుట్టిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని దెబ్బతిన్న నాణెం కిందే లెక్కేయండి.

కావలసినవి

- 10 రెట్లు చూపించే భూతద్దం. కంసాలులు కంటికి పెట్టుకునే రకం చాలు. ఇంతకంటే పెద్దది కొంటే ప్రతి గీతా వింతగానే కనిపిస్తుంది.
- 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం. కూరగాయల తూకం పనికిరాదు. మీ దగ్గర లేకపోతే నగల కొట్లో ఒకసారి వేయించుకోండి.
- వెర్నియర్ కాలిపర్, నాణెం వ్యాసం కచ్చితంగా కొలవడానికి.
- మామూలు అయస్కాంతం.
- సెల్‌ఫోన్ టార్చి.
- ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి డబ్బాలోనే అమ్ముతారు, లేబుల్ చదివి కొనండి.
- అదే విలువ, అదే సంవత్సరం, అదే టంకశాల మంచి నాణెం ఒకటి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఈ చివరిదే. టంకశాల గుర్తు సంవత్సరం కింద ఉంటుంది. వజ్రం ఆకారం ముంబై, ఐదు కోణాల నక్షత్రం హైదరాబాద్, గుండ్రటి చుక్క నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. "టంకశాల గుర్తు ఎగిరిపోయిన అరుదైన నాణెం" అని ఎవరైనా చెబితే అది కోల్‌కతా నాణెమే. మన ఒడిశా సరిహద్దు బజార్లలో అవి కావలసినన్ని దొరుకుతాయి.

1. ముందు కడగడం ఆపండి

చేతికి దొరకగానే చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఇత్తడి సామాను తోమే పొడి పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళకండి. పులుపు తగిలితే ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ళ పైపొర కరిగి ఎర్రటి రాగి ఛాయ తేలుతుంది. "రాగి ఐదు రూపాయలు" అని తెచ్చేవాటిలో చాలావాటి పుట్టుక ఇదే. తోమితే సన్నగీతలు పడతాయి. ఆ తర్వాత అసలు తేడాను, మీ గీతలను విడదీయడం ఎవరివల్లా కాదు.

మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద పెట్టి తడి అద్దండి. రుద్దవద్దు. గుళ్ళో హుండీ నుంచి వచ్చిన నాణేల మీద పసుపు, కుంకుమ, దీపం మసి, నూనె పేరుకుని ఉంటాయి. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి చుట్టూ తిరిగే చిల్లరలో ఇది మామూలే. దూదిని అసిటోన్‌లో ముంచి అద్దితే నూనె, రంగు వదులుతాయి, లోహానికి ఏమీ కాదు. అసిటోన్ గుప్పున అంటుకుంటుంది. పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీ తీసి చేయండి. గోళ్ళ రంగు తీసే ద్రావణంలో నూనెలు, సువాసనలు కలుపుతారు, అది వద్దు.

2. తూకం, కొలత, అయస్కాంతం

ఈ లెక్కలు రాసిపెట్టుకోండి:

- రూపాయి, 1992లో మొదలైన స్టీలు బిళ్ళ: 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. 2011లో మొదలైన చిన్నది: 3.79 గ్రాములు, దాదాపు 22 మిల్లీమీటర్లు.
- రెండు రూపాయలు, 11 పలకల పాతది: 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చిన గుండ్రటి స్టీలుది: 5.6 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. 2011 రకం: 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు.
- ఐదు రూపాయలు, మందపాటి తెల్లది: 9 గ్రాములు. ఇత్తడి రంగుది: 6 గ్రాములు. రెండూ 23 మిల్లీమీటర్లే.
- పది రూపాయలు: 7.7 గ్రాములు, 27 మిల్లీమీటర్లు.
- ఇరవై రూపాయలు, 12 పలకలది: 8.54 గ్రాములు, 27 మిల్లీమీటర్లు.

తూకం మీద నమ్మకం కుదరాలంటే ముందు పది కొత్త రూపాయి బిళ్ళలు కలిపి వేయండి. 37.9కి దగ్గరగా వస్తే మీ యంత్రం సరిగా ఉన్నట్టే. వాడిన నాణెం తూకం కొద్దిగా తగ్గితే పట్టించుకోవద్దు, అరుగుదలతో కాస్త పోతుంది.

స్టీలు రూపాయి, రెండు రూపాయలు అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇత్తడి రంగు ఐదు, పాత మందపాటి ఐదు అంటుకోవు. ఐదు రూపాయల బిళ్ళ అంటుకుంటే వెంటనే సంబరపడకండి. 2007లో ఐదు రూపాయలు కూడా స్టీలుతో వచ్చాయి. ముందు సంవత్సరం చూడండి.

తూకం తగ్గినప్పుడే వ్యాసం కూడా కొలవాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. రేకు పల్చబడటంతో సన్నగా పుట్టిన బిళ్ళ తూకం తగ్గుతుంది గానీ వ్యాసం తగ్గదు. ముద్ర కొట్టేటప్పుడు చుట్టూ ఉండే కాలర్ అనే ఉక్కు చట్రం దాన్ని పూర్తి వెడల్పుకు తెస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్‌లో నానిన బిళ్ళ అన్ని వైపుల నుంచీ కరుగుతుంది. తూకమూ తగ్గుతుంది, వ్యాసమూ తగ్గుతుంది, అక్షరాలు సన్నబడతాయి, పైభాగం ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. "చిన్న సైజు రెండు రూపాయలు" అంటూ తెచ్చేవాటికి ఈ పరీక్ష చాలు.

వేరే విలువ బిళ్ళ మీద పొరపాటున ముద్ర పడిందేమో అనే అనుమానానికి కూడా ఈ పట్టికే ఆధారం. 27 మిల్లీమీటర్ల రకం రెండు రూపాయలు మీ దగ్గర 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు వస్తే, అది రూపాయి బిళ్ళ మీద పడిన ముద్ర కావచ్చు. అప్పుడు బొమ్మ అంచుల దగ్గర తెగిపోయి ఉండాలి. బొమ్మంతా చిన్నదై లోపలే ఇమిడి ఉంటే అది 2011 రకం మామూలు నాణెం.

3. బొమ్మ నుంచి బొరుసుకు తిప్పండి

అన్నిటికంటే తేలికైన పరీక్ష, అన్నిటికంటే నమ్మదగినది కూడా. సింహాలు నిలువుగా ఉండేలా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు ఎడమ నుంచి కుడికి తిప్పండి. మన నాణెంలో అవతలి వైపు కూడా నిటారుగానే రావాలి. పక్కకు ఒరిగినా, తలకిందులుగా వచ్చినా అచ్చు తన చోటు నుంచి తిరిగిపోయిందని అర్థం. కొలవడానికి తెల్లకాగితం మీద గడియారం ముఖం గీసి మధ్యలో నాణెం పెట్టండి. ఒక గంట తేడా అంటే 30 డిగ్రీలు. 15 డిగ్రీల లోపు ఒరుగుదలకు సేకరించేవాళ్ళ దగ్గర విలువ లేదు. 90, 180 డిగ్రీలవి మాత్రం పక్కన పెట్టుకోండి.

ఒకే లోహంతో చేసిన నాణెంలో ఈ తప్పును బయట ఎవరూ సృష్టించలేరు. ఒక్కటే దారి ఉంది. రెండు నాణేలను సగానికి చెక్కి అతికించడం, గారడీవాళ్ళ బిళ్ళలా. గట్టు, అంటే నాణెం అంచున పైకి లేచి ఉండే చుట్టు, లోపలి వైపు భూతద్దంతో చుట్టూ చూస్తే సన్నటి అతుకు గీత దొరుకుతుంది, తూకం కూడా సరిపోదు. తుప్పు పట్టిన నాణెమైనా సరే, అచ్చు తిరిగి ఉంటే అది టంకశాల తప్పే. ఉప్పునీరు లోహాన్ని తింటుంది గానీ బొమ్మను తిప్పదు.

పది, ఇరవై రూపాయలకు వేరే పరీక్ష ఉంది, 8వ అడుగులో చూడండి.

4. ఉబ్బెత్తా, గుంటా?

నాణేన్ని బల్ల మీద పెట్టి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా కొట్టండి. నీడ ఏ వైపు పడుతుందో చూస్తే గీత పైకి లేచిందా, లోపలికి దిగిందా తెలుస్తుంది.

అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కుతుంది. కాబట్టి నాణెం మీద ఉబ్బిన గీత వస్తుంది. సన్నగా, వంకరగా, చాలాసార్లు గట్టు నుంచి మొదలై అక్షరాల మీదుగా పోతుంది. అచ్చు అంచు విరిగి ముక్క ఊడితే గట్టుకు అంటుకుని ఒక దిమ్మ లేస్తుంది, ఆ చోట అక్షరాలు ఉండవు. గాటు అలా ఉండదు. అది లోపలికి దిగి, రెండు పక్కలా లోహాన్ని పైకి నెడుతుంది. భూతద్దంలో మధ్య గాడి, దాని ఒడ్డున చిన్న గట్లు కనిపిస్తాయి.

అచ్చులో తప్పు ఒక్క నాణెంతో పోదు. అచ్చు మార్చేదాకా ప్రతి బిళ్ళ మీదా అదే చోట అదే గీత పడుతుంది. బ్యాంకు నుంచి కొత్త చిల్లర సంచి తెచ్చే కొట్టువాళ్ళతో పరిచయం ఉంటే ఆ సంచిలో జంట వెతకండి. అచ్చం అలాంటిదే ఇంకోటి దొరికితే ఇక వాదన లేదు.

అక్షరాలు, అంకెలు లేని నాణెం దగ్గర జాగ్రత్త. అచ్చు గుంటలో గ్రీజు, లోహపు పొడి నిండితే అక్షరం అస్పష్టంగా పడుతుంది, లేదా అసలు పడదు. అలా జరిగినప్పుడు అక్షరం ఉండాల్సిన చోట మెరుపు, నునుపు చుట్టుపక్కల నేలలాగే (బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ లోహంలాగే) ఉంటాయి. పక్క అక్షరం నెమ్మదిగా మసకబారుతూ వస్తుంది. గీకి తీసేసిన అంకె దగ్గర ఒకే దిశలో సన్నగీతలు, చుట్టూ లేని మెరుపు, వేలికి తగలని చిన్న పల్లం ఉంటాయి. టార్చిని నాలుగు దిక్కుల నుంచీ కొట్టండి. ఒక దిక్కు నుంచి దాగిన గీత ఇంకో దిక్కు నుంచి బయటపడుతుంది.

అక్షరం పక్కన మెట్టులా ఇంకో నీడ కనిపిస్తే అది ముద్ర పడే క్షణంలో అచ్చు అదిరినందువల్ల. టంకశాలలో జరిగిందే, కానీ దానికెవరూ పైసా ఎక్కువివ్వరు.

5. ఉప్పు, నది, ఇసుక: తినేసిన చోట్లు

మన జిల్లాల్లో అసలు తగువంతా ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

స్టీలు రూపాయి తుప్పు పట్టదనుకుంటారు. ఉప్పులోని క్లోరైడు దాని పైపొరను చిన్న చుక్క దగ్గర ఛేదించి, అక్కడి నుంచి లోపలికి తవ్వుతుంది. భూతద్దంలో ఆ గుంట నోరు చిన్నదిగా, చుట్టూ గోధుమరంగు వలయంతో ఉంటుంది. గుంట గోడలు ఎగుడుదిగుడుగా, అడుగు నల్లగా కనిపిస్తుంది. ఇలాంటివి అక్షరాల పాదాల దగ్గర ఎక్కువ, ఎందుకంటే తడి, మురికి అక్కడే నిలుస్తాయి.

ఇత్తడి రంగు ఐదు రూపాయల్లో జింకు ముందు పోతుంది, రాగి మిగులుతుంది. గులాబీ, ఇటుక రంగు మచ్చలు వస్తాయి. పల్లాల్లో ముదురుగా, ఎత్తుల్లో చేతి రాపిడికి పసుపుగా ఉంటుంది. నిజంగా వేరే లోహంతో పుట్టిన బిళ్ళ రంగు అంచు మీద, పల్లంలో, ఎత్తులో ఒకేలా ఉండాలి, తూకం కూడా మారాలి. రంగు మారి తూకం 6 గ్రాములే ఉంటే మచ్చ సంగతి మర్చిపోవచ్చు. లేత ఆకుపచ్చ పొడి మళ్ళీ మళ్ళీ వస్తుంటే లోపల క్లోరైడు ఇంకా పని చేస్తోందని అర్థం. డిస్టిల్డ్ వాటర్ రోజూ మారుస్తూ కొన్ని రోజులు నానబెట్టి, బాగా ఆరబెట్టి, మిగతా నాణేలకు దూరంగా ఉంచండి.

పాత అల్యూమినియం పైసలు తెల్లటి పొడి కట్టి ఉబ్బుతాయి. ఆ ఉబ్బును చూసి అచ్చులో దిమ్మ అనుకోవద్దు. సూదిమొనతో తాకితే రాలిపోతుంది. లోహం రాలదు.

నదిలో దొర్లిన నాణెం తీరు వేరు. ఇసుక రాపిడికి అక్షరాల మూలలు గుండ్రబడతాయి, గట్టు మీద చిన్న నొక్కులు పడతాయి, ఒక వైపు బురదలో ఉండి నల్లగా, రెండో వైపు రాసిపోయి మెరుస్తూ ఉంటుంది. ముద్ర బలహీనంగా పడిన నాణెంలో అక్షరం ఎత్తు తక్కువగా ఉన్నా ఖాళీ లోహపు నేల మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతుంది. నేల కూడా మాసి, అక్షరం కూడా అరిగితే అది అరుగుదల.

ఇక తేల్చే పరీక్ష. గుంట అక్షరం మీద నుంచి నేల మీదికి ఎలా పాకిందో చూడండి. తుప్పుకు బొమ్మతో పనిలేదు, అక్షరాన్నీ నేలనూ ఒకేలా కొరుక్కుంటూ పోతుంది. ముద్ర కొట్టేటప్పుడు మధ్యలో దారం, తీగముక్క, గుడ్డపీలిక అడ్డుపడితే పడే గుంట అలా ఉండదు. ఆ వస్తువు ఆకారం స్పష్టంగా ఉంటుంది, అడుగు నున్నగా, చుట్టూ ఉన్న లోహపు రంగులోనే ఉంటుంది.

నదిలో దొరికిన నాణెంలో తుప్పూ ఉండొచ్చు, టంకశాల తప్పూ ఉండొచ్చు. ఒకటి ఉందని రెండోది లేదనుకోకండి. విడివిడిగా పరీక్షించండి.

6. కొరికినట్టున్న అంచు

లోహపు రేకు నుంచి బిళ్ళలు కోసేటప్పుడు, ముందు కోసిన రంధ్రం మీద మళ్ళీ కత్తెర పడితే నెలవంకలా ముక్క పోతుంది. నిజమైనదని అనుకోవడానికి నాలుగు గుర్తులు. మొదటిది, అదే రకం మంచి నాణెం అంచును ఆ కొరుకులో పెడితే చక్కగా ఇమడాలి. రెండోది, కొరుకు పక్కన అక్షరాలు ఆ వైపు జారినట్టు పల్చబడాలి, ఎందుకంటే ముద్ర పడే వేళకే అక్కడ లోహం లేదు. మూడోది, కొరుకుకు సరిగ్గా ఎదురు వైపు గట్టు బలహీనంగా ఉండాలి. గట్టు లేపే యంత్రానికి ఆ చోట ఒత్తిడి అందకపోవడమే కారణం. ఇది ప్రతిసారీ కనిపించకపోవచ్చు గానీ కనిపిస్తే బలమైన సాక్ష్యం. నాలుగోది, కోత గోడ మీద ఆకురాయి గీతలు ఉండకూడదు.

ఆకురాయితో అరగదీసినప్పుడు అక్షరం కత్తితో కోసినట్టు టక్కున ఆగిపోతుంది. మెడలో వేసుకునే నాణేల దండల నుంచి విడిపోయినవైతే తలపై గట్టు దగ్గర టంకం మరక, తీసేసిన కొక్కెం గుర్తు వెతకండి. నడుమ చిల్లు పడినవి కూడా ఆ కోవకే చెందుతాయి. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీ మాత్రం పుట్టుకతోనే చిల్లు ఉన్నది.

7. తిరగబడిన బొమ్మ, పక్కకు జరిగిన బొమ్మ

ఒక వైపు బొమ్మ లోపలికి దిగి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే సేకరించేవాళ్ళు బ్రాకేజ్ అంటారు, బజార్లో లఖీ అని కూడా వినిపిస్తుంది. ముద్ర పడిన నాణెం కిందపడకుండా ఒక అచ్చుకు అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద దాని బయటి ముఖం నొక్కుకుంటుంది. అందుకే నిజమైన పూర్తి బ్రాకేజ్‌లో రెండు వైపులా ఒకే బొమ్మ ఉండాలి. ఒక వైపు సరిగా, రెండో వైపు తిరగబడి గుంటగా. ఒక వైపు సింహాలు, రెండో వైపు తిరగబడిన అంకె ఉంటే అనుమానించండి.

బెంచ్ వైస్‌లో రెండు నాణేలు బిగించి నొక్కితే దొంగ బ్రాకేజ్ తయారవుతుంది. అందులో పాత బొమ్మ కింద మిగిలే ఉంటుంది, దాని మీద అవతలి అక్షరాలు గుంటలుగా పడతాయి. ఎత్తైన చోట్లు చదునై మెరుస్తాయి. వెనక వైపు కూడా నలిగి ఉంటుంది. నిజమైనదాని సరైన వైపు పదునుగా ఉంటుంది.

బొమ్మ పక్కకు జరిగి, ఒక వైపు నెలవంకలా ఖాళీ లోహం కనిపిస్తే నాణెం తిప్పి చూడండి. రెండు వైపులా బొమ్మ జరిగి ఉండాలి. ఒక్క వైపే జరిగితే ఆ అచ్చు ఒక్కటే పక్కకు తప్పింది. అది కూడా టంకశాల తప్పే, విలువ తక్కువ.

కాలర్ లేకుండా ముద్ర పడితే నాణెం వెడల్పవుతుంది. సుత్తితో కొట్టినా, రైలు పట్టా మీద పెట్టినా వెడల్పవుతుంది. ఇక్కడ తూకం మీకు సాయపడదు, మూడింటిలోనూ సరిపోతుంది. బొమ్మనే చూడాలి. టంకశాల నాణెంలో సింహాల జూలు దాకా పదునుగా ఉంటుంది. సుత్తి దెబ్బలో ఎత్తులు నలుగుతాయి. రైలు చక్రం కింద పడ్డది కోలగా సాగి, గీతలన్నీ ఒకే దిశలో ఉంటాయి. సరదాకు కూడా పట్టాల మీద పెట్టకండి, ప్రాణాలతో చెలగాటం. కావాలని నాణేన్ని ధ్వంసం చేయడం, కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం కూడా.

8. పది, ఇరవై రూపాయలు

మోసాలు ఎక్కువగా జరిగేది వీటితోనే. చుట్టు వలయం, లోపలి బిళ్ళ కలిపి పెట్టి ఒకే దెబ్బకు ముద్ర వేస్తారు. రెండూ బిగుసుకునేది ఆ దెబ్బకే. కాబట్టి లోపలి బిళ్ళ పక్కకు జరిగి పుట్టినా, బొమ్మ మాత్రం రెండింటి మీదుగా తెగకుండా సాగాలి.

2011 రకం పది రూపాయల్లో సింహాలు నిటారుగా పెట్టి చూడండి. వలయం మీద ఎడమ వైపు హిందీలో భారత్, కుడి వైపు ఇండియా ఉండాలి. సింహాలు ఒరిగి, ఆ మాటలు తమ చోట ఉంటే, లేదా లోపలి బిళ్ళ బోర్లా పడి ఉంటే, ఎవరో మధ్యది ఊడగొట్టి తిప్పి దిగ్గొట్టారు. టంకశాలలో అది జరగడానికి వీలే లేదు. అతుకు చుట్టూ సుత్తి నొక్కులు, జిగురు మెరుపు కనిపిస్తాయి. వేలితో నొక్కితే కొన్ని కదులుతాయి కూడా.

మధ్య బిళ్ళ లేని వలయానికి రంధ్రం లోపలి గోడ చూడండి. ఊడగొట్టినదైతే బొమ్మ రంధ్రం ఒడ్డున తెగినట్టు ఆగి, గోడ మీద నిలువు రాపిడి గీతలు ఉంటాయి. వలయం ఒక్కటే ముద్ర తింటే లోహం రంధ్రంలోకి కాస్త పొంగి, ఒడ్డు గుండ్రబడుతుంది.

పది రూపాయల వలయం మీది గీతల లెక్కలో తేడా, రూపాయి గుర్తు ఉండటం లేకపోవడం ఎర్రర్లు కావు. పది రూపాయల బిళ్ళలు 14 రకాల నమూనాల్లో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో చెప్పింది.

9. తేలాక ఏం చేయాలి

రెండు వైపులా, అంచు, తూకం మీద ఉన్నప్పుడు ఒకటి, పక్కన మంచి నాణెం పెట్టి ఒకటి ఫొటోలు తీయండి. ఫ్లాష్ ఆపేసి, పక్క నుంచి టార్చి వెలుగులో తీయండి. ఈ ఫొటోలు లేకుండా ధర అడిగితే అనుభవమున్న సేకరణదారు జవాబివ్వడు.

మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, కమీషన్, పన్ను కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయండి. తన పేరు వాడుకుని ఇలా డబ్బు అడుగుతున్నారని, పాత నోట్లు, నాణేల వ్యాపారంతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీరు అమ్మేవారు, డబ్బు మీకు రావాలి గానీ మీ దగ్గర్నుంచి పోకూడదు.

దాచుకునేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడవద్దు, వాటి నుంచి జిగురులాంటి ఆకుపచ్చ పొర నాణేనికి పడుతుంది. మైలార్ కవర్, బిగుతు మూత డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లం సరిపోతాయి. తీరం వైపు ఉండేవాళ్ళు వానాకాలంలో పొట్లాన్ని రెండు మూడు వారాలకోసారి మార్చండి. కవర్ మీద చీటీ అంటించి తూకం, వ్యాసం, టంకశాల గుర్తు రాయండి. కింద తప్పు ఎక్కడ పుట్టిందో ఒక్క మాటలో రాయండి: బిళ్ళ, అచ్చు, లేదా ముద్ర. ఆ గడిలో ఏం రాయాలో తోచకపోతే నాణేన్ని మళ్ళీ 4వ అడుగు దగ్గర నుంచి చూడండి.